తప్పు గ్రాఫు

బొటనవేలు దూకింది, మళ్లీ దూకింది, దూకమని నేను చెప్పలేదు, మణికట్టు మీద చిటికెనవేలి వైపు రెండు లోహపు బిళ్లలు, వాటి కింద చల్లటి పేస్టు, బిళ్లల్లోంచి కరెంటు నరంలోకి చిమ్మినప్పుడల్లా నా వేలు నన్నడక్కుండానే ఎగిరిపడుతోంది, తెర మీద గీత లేస్తోంది, ఇరవై రెండు మంది పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. చెయ్యి ఇవ్వండర్రా అంటే ఒక్కరూ ముందుకు రాలేదు, రేపు కడుపులు కోసే డాక్టర్లవుతారట, చీమ కుట్టినంత షాకుకే వెనక బెంచీల కింద దూరారు, సరే నేనే కూర్చుంటానన్నాను. గోడ గడియారంలో పదకొండూ ఐదు. పన్నెండింటికి ఎదురు భవనం మూడో అంతస్తులో మా చెల్లెలికి ఆపరేషను, పిత్తాశయంలో రాళ్లు, పెద్దదేం కాదు. కానీ కోసేముందు మత్తుతో పాటు ఒళ్లంతా సడలిపోవడానికి ఇంకో ఇంజెక్షను ఇస్తారు, మామూలు మనిషికి అది ముప్పావు గంటలో దిగిపోతుంది, మా చెల్లెలికి దిగకపోవచ్చు, ఊపిరి తీసే కండరాలు మళ్లీ లేవకపోవచ్చు, ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పొద్దున్న తొమ్మిదీ పదికి ఒక కుర్ర డాక్టరు కాగితం పట్టుకొచ్చి, "పేషెంటుకి కండరాల బలహీనత లాంటిదేమైనా ఉందా మేడమ్?" అని అడిగితే, "బలహీనత కాదు బాబూ, బద్ధకం," అన్నాను. అతను నవ్వి, 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి, కింద నా చేత సంతకం చేయించుకున్నాడు.

ఫోను సంచిలో ఉంది, సంచి బల్ల మీద ఉంది, బల్ల నా ఎడమ మోచేతికి ఆనుకునే ఉంది. కట్టేసింది కుడిచేతినే కదా, ఎడమది ఏ పనీ లేకుండా ఒళ్లో పడుంది. తీసి నొక్కితే నాలుగు మాటలు. మత్తు ఇచ్చే డాక్టరు నా పాత స్టూడెంటే, ఇదే బల్ల మీంచి కప్ప కాలు నేలమీదికి జారవిడిచి నా చేత చీవాట్లు తిన్న పిల్ల, ఇప్పటికీ నా గొంతు వింటే కుర్చీలోంచి లేస్తుంది. అయినా క్లాసు మధ్యలో ఫోనేమిటి, ఫోను బయటపెడితే రికార్డు మీద సంతకం ఉండదని పిల్లల్ని బెదిరించేది నేనే కదా. ఇంకా యాభై ఐదు నిమిషాలుంది, ఈ గీతలు అయ్యాక చేస్తాను. అటెండరు వచ్చి నా మణికట్టు పట్టీని వేలితో సర్ది, "చెయ్యి నొప్పెడుతోందా అమ్మా, విప్పెయ్యమంటారా?" అన్నాడు. అక్కర్లేదు, నీ పని నువ్వు చూసుకో అన్నాను. సరేనమ్మా అని వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు, నిమ్మకు నీరెత్తినట్టుంటాడు ఎప్పుడూ, తిట్టినా అంతే, పొగిడినా అంతే, పొగిడిందెప్పుడు కనక.

"మేడమ్, అది ఏమిటి?" కళ్లద్దాల పిల్ల వేలు చూపించింది. ప్రతి బ్యాచిలోనూ ఇలాంటి పిల్ల ఒకతి ఉంటుంది, జడ బిగించి, పెన్ను బిగించి, దేన్నీ వదలదు. ఆమె చూపించింది గోడ మీద అద్దాల ఫ్రేములో ఉన్న కాగితాన్ని, పైన ఎర్ర సిరాతో నా చేతిరాత: తప్పు గ్రాఫు. మొదటి గీత పొడుగ్గా, రెండోది కొంచెం పొట్టిగా, మూడోది ఇంకా పొట్టిగా, నాలుగోది మరీను, ఆ తర్వాతవన్నీ కుంటుకుంటూ. పదకొండేళ్లుగా ప్రతి బ్యాచికీ చెప్పే మాటే చెప్పాను: ఆరోగ్యంగా ఉన్న మనిషికి గీతలన్నీ ఒకే ఎత్తున రావాలి, ఇలా దిగితే మనిషిలో లోపం లేదు, పేస్టు ఎండిపోయి బిళ్ల సరిగా ఆనలేదని అర్థం, మళ్లీ పేస్టు పెట్టి చెయ్యాలి. ఆ తర్వాత మామూలుగా విసిరే జోకు విసిరాను, ఆ పేస్టు పెట్టిన మహానుభావుడు అదిగో కిటికీ దగ్గరే ఉన్నాడు అని. పిల్లలు పకపకా నవ్వారు. అతని అసలు పేరు పిల్లలకెవరికీ తెలీదు, పేస్టు బాబాయి అంటారు, సీనియర్లు జూనియర్లకి అప్పజెప్పే వస్తువుల్లో ఎముకల పెట్టె తర్వాత ఆ పేరే. అతనూ నవ్వాడు.

నవ్వనిది కళ్లద్దాల పిల్ల ఒక్కతే. "బిళ్ల ఆనకపోతే గీతలు ఎగుడుదిగుడుగా రావాలి కదా మేడమ్, లేకపోతే అసలు రాకూడదు. ఇవి మెట్లు దిగినట్టు వరసగా దిగాయేంటి?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా ఎడమచెయ్యి అప్పుడు లేచింది, ఫోనుకి కాదు, జుట్టు సర్దుకోవడానికి. పదకొండేళ్లలో ఇరవై బ్యాచులు, పరీక్షలు చెయ్యడానికి బయటినుంచి వచ్చిన పెద్దపెద్దవాళ్లు, మెడలో స్టెతస్కోపులు వేసుకుని ఈ ఫ్రేము ముందు నిలబడి కాఫీ తాగినవాళ్లు, ఎవ్వరూ అడగలేదీ ప్రశ్న, నన్ను నేనూ అడగలేదు. ముందు ఇవాళ్టి ప్రయోగం పూర్తి చెయ్యి, తర్వాత నాకు పాఠం చెబుదువుగాని అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది, నాకు కాస్త హాయిగా అనిపించింది. పదకొండూ ఇరవై.

ఆ గీతలు మా చెల్లెలివి. అప్పుడది బడిలో టీచరు. బోర్డు మీద మూడు వరసలు రాసేసరికి చెయ్యి దిగిపోతోందక్కా, సుద్దముక్క బరువుగా ఉంటోందక్కా అనేది, సుద్దముక్క బరువేమిటే నీ మొహం అనేదాన్ని. కూర్చుని చేసే పని ఇప్పించమని బడిలో అడిగితే వాళ్లు డాక్టరు కాగితం తెమ్మన్నారు. వేరే డాక్టరెందుకు, అక్క ఉందిగా అన్నాను. ఆ రోజు క్లాసుకి మనిషి కావాలి, దానికి కాగితం కావాలి, ఒకే దెబ్బకి రెండు పిట్టలు, దాన్ని ఇదే కుర్చీలో కూర్చోబెట్టి పిల్లల ముందు బిళ్లలు బిగించాను. గీతలు మెట్లు దిగాయి. పిల్లల ముందు ప్రయోగం పాడయితే నాకు ఒళ్లు మండుతుంది, పేస్టు ఎండబెట్టావని అటెండరు మీద అరిచాను, ఇప్పుడే పెట్టానమ్మా, తడిగానే ఉంది చూడండి అని వేలు చూపించబోయాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాకులు చెప్పకు అన్నాను. అతను బిళ్లలు తీసి, తుడిచి, పేస్టు పెట్టి, మళ్లీ బిగించేసరికి రెండు మూడు నిమిషాలు పట్టింది, అంతసేపూ దాని చెయ్యి విశ్రాంతిగా ఉంది. షాకు కొడితే మొదటి గీత మునుపటంత పొడుగ్గా లేచింది. చూశారా, పేస్టే అన్నాను. ఇంకో నాలుగు కొట్టి చూడాల్సింది. గంట కొట్టేశారు, ఆకలేస్తోంది, ఒక్క గీత చాల్లే అన్నాను. ఆ సాయంత్రమే బడికి ఉత్తరం రాశాను, పరీక్ష చేశాం, ఏ లోపమూ లేదు అని, కింద నా డిగ్రీలన్నీ వరసగా రాసుకున్నాను. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది, అది పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చింది.

వచ్చాక వంట దానిదే, ఇల్లు దానిదే. తిండికి తిమ్మరాజు పనికి పోతరాజు అని నేననని రోజు లేదు. సాయంత్రమయ్యేసరికి కళ్లు మూతలు పడేవి, రాణిగారికి అప్పుడే కునుకు అనేదాన్ని, జడ వేసుకుంటూ మధ్యలో చేతులు దించేసేది, తింటూ తింటూ దవడ కింద చెయ్యి పెట్టుకునేది, రాత్రి మాట ముద్దయ్యేది, చుట్టాలొస్తే ఆ మాటని అలాగే అనుకరించి చూపించేదాన్ని, బాగా వచ్చేది నాకు, అందరూ కడుపు పట్టుకునేవాళ్లు, అదీ నవ్వబోయేది, నవ్వితే మూతి లేచేది కాదు, పళ్లు ఇకిలించినట్టుండేది. నీ గ్రాఫుందే నా దగ్గర అనేదాన్ని, నువ్వు చెయ్యగలవు, చెయ్యనంటున్నావు, రుజువు అద్దం వెనక పెట్టాను. ఒక ఆరేళ్ల నుంచి మాత్రం కాస్త మెరుగుపడింది, మెట్లెక్కుతోంది, బట్టలు తనే ఆరేస్తోంది. నా మందలింపు పనిచేసిందనుకున్నాను. భోజనానికి అరగంట ముందు చిన్న స్టీలు డబ్బాలోంచి గ్యాసు మాత్ర వేసుకుంటుంది, తినడానిక్కూడా మందు కావాలి దీనికి అని దాని మీదా ఒక జోకు.

చిన్నప్పుడు మాకో ఆట ఉండేది. నీళ్లు నింపిన గ్లాసులు రెండు చేతుల్తో ముందుకి చాపి నిలబడాలి, ఎవరి చెయ్యి ముందు దిగితే వాళ్లు గిన్నెలు తోమాలి. నేనెప్పుడూ కిటికీ పక్కనే నిలబడేదాన్ని, ఊచ మీద మోచెయ్యి ఆనించేదాన్ని, దానికి కనబడేది కాదు. ఎన్నేళ్లు తోమిందో. ఒకసారి కనిపెట్టింది, గిన్నెలు తోముకుంటూ నా వంక చూసింది, ఎనిమిదేళ్ల పిల్ల, ఆ చూపుకి చెంప మీద కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. అక్క కొట్టిందని ఎవరికీ చెప్పదు, అదొకటి దానిలో, ఎక్కడో దాచిపెట్టుకుంటుంది. పదకొండూ ముప్పై రెండు. ఇప్పటికి దాన్ని బండి మీద పడుకోబెట్టి ఆపరేషను గది వరండాలోకి తెచ్చి ఉంటారు, తలకి ఆకుపచ్చ టోపీ పెట్టి ఉంటారు, టోపీలో దాని మొహం ఎలా ఉంటుందో ఊహకి అందటం లేదు. ఇప్పుడు చెయ్యొచ్చు. చేస్తే ఏమని చెప్పాలి, మా చెల్లెలికి ఫలానా జబ్బు ఉండొచ్చు అంటే, ఎప్పటినుంచి మేడమ్ అంటుంది, మీకెలా తెలుసు మేడమ్ అంటుంది, పొద్దున్న సంతకం పెట్టారే మేడమ్ అనదు గానీ అనుకుంటుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు ఈ గదిలోకి వచ్చి ఫ్రేము ముందు నిలబడతారు. కాఫీ కప్పుతో నిలబడతారు.

నేను చదువుకునే రోజుల్లోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ కప్పలుండేవి. వెన్నులో సూది గుచ్చి, కాలు కోసి, నరంతో సహా పిక్క కండరాన్ని విడదీసి, మసి పట్టించిన డ్రమ్ము మీద గీతలు గీయించేవాళ్లం, కప్ప ఎప్పుడో పోయింది, కాలు మాత్రం షాకు కొట్టినప్పుడల్లా తన్నేది. వందల సార్లు తన్నాక ఆగిపోయేది. అప్పుడు మా మాస్టారు కరెంటు తీగ నరం మీంచి తీసి నేరుగా కండరానికి తగిలించేవారు, చచ్చిందనుకున్న కాలు మళ్లీ టక్కున తన్నేది. చూశారా, కండరం అలిసిపోలేదు, నరమూ అలిసిపోలేదు, ఒకటి చెప్పింది రెండోదానికి అందేచోట అలుపు వచ్చింది అనేవారు. అది రాసి మొదటి మార్కు తెచ్చుకున్నాను. అదే చోటు పాడయ్యే జబ్బు మనుషుల్లో ఉందనీ, అందులో గీతలు మెట్లు మెట్లుగా దిగి, విశ్రాంతి ఇస్తే మళ్లీ లేస్తాయనీ కూడా ఎక్కడో చదివే ఉంటాను, చదివింది చదివిన పుస్తకంలోనే ఉండిపోయింది. నాలుగేళ్ల కిందట పరీక్ష పేపరు తయారుచేస్తూ ఇంట్లో ఒక పుస్తకం తిరగేస్తుంటే బొమ్మ కనబడింది. ఎర్ర సిరా ఒక్కటే తక్కువ, మిగతా అంతా నా ఫ్రేమే. కిందకి చదివాను, సాయంత్రం కనురెప్పలు వాలడం, నమిలితే దవడ అలిసిపోవడం, మాట ముద్దవడం, సడలించే ఇంజెక్షను ప్రమాదం, ప్రతి వాక్యానికీ మా ఇంట్లో సాక్ష్యం ఉంది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పేజీ మూల మడిచాను, ఎందుకు మడిచానో తెలీదు, పుస్తకం మూసి పై అరలో పెట్టేశాను. అదే జబ్బయితే ఆరోగ్యం మెరుగుపడుతుందా, మెరుగుపడింది కాబట్టి జబ్బు కాదు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పిల్లికి ఎలుక సాక్ష్యం. ఆ రాత్రి భోజనం దగ్గర ఇంకాస్త గట్టిగానే తిట్టాను దాన్ని, దేనికో గుర్తులేదు.

"మేడమ్, ఇప్పుడు రెండో భాగం," అంది కళ్లద్దాల పిల్ల. రెండో భాగంలో షాకులుండవు, బొటనవేలికి తొడిగి, తీగతో యంత్రానికి కట్టిన ఉంగరాన్ని మనమే శక్తికొద్దీ లాగుతూ ఉండాలి, ఇంక నావల్ల కాదు అన్న క్షణంలో నరానికి ఒక్క షాకు కొడతారు. నిజంగా మొత్తం శక్తి పెడుతుంటే గీత కదలదు. గీత ఎగిరిందంటే ఇంకా దాచుకున్నావని అర్థం. ఈ భాగం నాకు భలే ఇష్టం, ఎంతమంది వీరుల పరువు తీశానో, నావల్ల కాదు అనేది నాలుకే గాని కండరం కాదర్రా అంటూ. లాగడం మొదలుపెట్టాను. లాగండి మేడమ్, లాగండి అని పిల్లలు అరుస్తున్నారు, వాళ్లకిదో పండగ. పదకొండూ నలభై నాలుగు. చెయ్యి సలుపుతోంది, మోచెయ్యి దాకా మంట, ఇదే కదా దానికి రోజూ, సుద్దముక్కకి, దువ్వెనకి, ముద్దకి, ఛ, ఇప్పుడెందుకిది, లాగు, అక్కడ బండి లోపలికి తోస్తుంటారు, చెయ్యి ఖాళీ లేదు కదా ఏం చెయ్యను, ఎడమది ఉంది కదే ముండా, ఎడమది ఉంది, అటెండరు మళ్లీ పక్కకొచ్చి నిలబడ్డాడు, "విప్పెయ్యమంటారా అమ్మా? టైమవుతోంది," అన్నాడు, ఏం టైము, ఎవడికి టైము, జరుగు అన్నాను. లాగాను. వేలు వణుకుతోంది. "ఇంక నావల్ల కాదు," అన్నాను, నిజంగానే అన్నాను, దాచుకున్నదేమీ లేదనే అనుకున్నాను.

కళ్లద్దాల పిల్ల బటన్ నొక్కింది. గీత తెర పై అంచుదాకా ఎగిరింది.

వెనక బెంచీలోంచి ఎవడో, "మేడమ్ దగ్గర ఇంకా బోలెడుంది!" అన్నాడు, గదంతా ఘొల్లుమంది. నవ్వనిచ్చాను. విప్పు అన్నాను అటెండరుతో. విప్పాడు, మామూలు కన్నా తొందరగా విప్పాడు. పేస్టు అంటుకున్న చేత్తోనే సంచీ తీసుకుని పక్కనే ఉన్న నా గదిలోకి వెళ్లి తలుపు వేసి నంబరు నొక్కాను. మత్తు డాక్టరు ఎత్తింది.

"ఇంజెక్షన్ ఇచ్చేశారా?"

"ఇంకా లేదు మేడమ్. ఏమైంది?"

"మా చెల్లెలికి కండరాల జబ్బు ఉండొచ్చు. ఆ సడలించేది ఇవ్వొద్దు."

"తెలుసు మేడమ్. ఆవిడ నిన్ననే చెప్పారు, ఆరేళ్లుగా మాత్రలు వాడుతున్నారు కదా. ఆ ఇంజెక్షన్ లేకుండానే అన్నీ సిద్ధం చేసుకున్నాం. మీ అటెండర్ భార్య నర్సట కదా, ఆవిడ పనిచేసే క్లినిక్కి వాళ్లే తీసుకెళ్లారట, మన ల్యాబ్‌లో గోడ మీదున్న గ్రాఫు ఫోటో తీసుకుని. డాక్టరు అది చూసి వెంటనే చెప్పేశారట. మీకు తెలీదా మేడమ్?"

"తెలుసు," అన్నాను.

"ఒక్క నిమిషం మేడమ్, ఆవిడ ఇంకొకటి చెప్పారు. మా అక్క ఫోన్ చేస్తే ఎన్నింటికి చేసిందో రాసిపెట్టమన్నారు. ఎందుకో నాకు తెలీదు. పదకొండు యాభై మూడు. రాశాను మేడమ్."

తొమ్మిదీ పదికి సంతకం. పదకొండూ యాభై మూడుకి ఫోను. ఆ కాగితాన్నీ అది అడిగి చూసే ఉంటుంది, లెక్క వేసుకోవడం రాని మనిషి కాదు, పదేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పింది. మా ఇంట్లో పుస్తకాల మీద దుమ్ము దులిపేది అదే. పై అర కూడా అదే దులుపుతుంది, చేతులు లేచే రోజు చూసుకుని స్టూలేసుకుని దులుపుతుంది, మడిచిన పేజీ నాలుగేళ్లుగా దాని చేతుల్లోంచి పోతూనే ఉంది. తెలిసీ నా తిట్లు తిన్నది, తెలిసీ నేను ఏటా పిల్లలకి ఎర్ర సిరా చూపించి నవ్వించుకుంటుంటే చూపించుకోనీ అని ఊరుకుంది, భోజనానికి ముందు నా ఎదురుగానే మాత్ర మింగి నా జోకు వింది. రాక్షసి అనుకున్నాను. ఎవరినో నాకే తెలీలేదు.

ల్యాబ్‌లోకి వచ్చేసరికి అటెండరు తలెత్తి ముందు గడియారం చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పదకొండేళ్ల ఆ నవ్వు ఇప్పుడు అతని మొహం మీద లేదు, అది లేకపోతే అతనికి ఇంకో మొహం ఉందని నాకు అప్పుడే తెలిసింది. కుర్చీలో కూర్చున్నాను. కళ్లద్దాల పిల్ల రికార్డు బుక్కు తెరిచి పెన్ను పట్టుకుని నిలబడింది. "మేడమ్, ఆ గ్రాఫు గురించి ఏమని రాసుకోమంటారు? అసలు తప్పెక్కడుంది అందులో?" గదంతా నా వైపే చూస్తోంది. చెప్పడానికి ఇంతకన్నా సులువైన క్షణం జీవితంలో రాదు, ఎవరికీ ఏ ప్రమాదమూ లేదిప్పుడు, నాలుగు మాటలు.

"పేస్టు పెట్టినవాళ్లదే తప్పు. రాసుకో," అన్నాను.

ఆ పిల్ల అటెండరు వైపు తిరిగింది. "అవునమ్మా, నాదే," అన్నాడతను, అని స్పిరిటు తడిపిన దూది తెచ్చి నా మణికట్టు మీద పేస్టు తుడవడం మొదలుపెట్టాడు, మెల్లగా, వేళ్ల మధ్య కూడా. తుడుస్తూ నాకు మాత్రమే వినబడేలా, "ఇంకా మూడు నిమిషాలుందమ్మా. చెల్లెమ్మగారు ఇంకా బయట వరండాలోనే ఉన్నారట, మా ఆవిడ చెప్పింది. ఇప్పుడు బయల్దేరితే ఒకసారి చూడొచ్చు," అన్నాడు.

మెట్లు దిగి, రోడ్డు దాటి, మూడంతస్తులు. పరిగెత్తితే అందుతుంది. కాళ్లకేం జబ్బు లేదు.

"ఇంకా క్లాసు అవలేదుగా," అని, తర్వాతి రికార్డు ఇటు ఇమ్మని చెయ్యి చాపాను.